శిశువుల్లో గాయాల వల్ల జరిగే మరణాలు: తల్లి వైపు, బిడ్డ వైపు ఉండే ముప్పు కారకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాది నిండని బిడ్డ ఊపిరాడకనో, దెబ్బ తగిలో, నీటిలో మునిగో చనిపోయినప్పుడు చుట్టూ ఉన్నవారి నోట మొదట వచ్చే మాట "తల్లి ఏం చేస్తోంది?" అన్నదే. పరిశోధన పత్రాల్లో కూడా "తల్లి సంబంధిత ముప్పు కారకాలు" అన్న శీర్షిక చూసి చాలామంది అదే అర్థం చేసుకుంటారు. ఆ శీర్షిక కింద నిజంగా ఏముంటుందో, అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఈ సమాధానాల్లో చూడవచ్చు.

ఊపిరాడక చనిపోయిన బిడ్డను గాయాల లెక్కలో ఎందుకు వేస్తారు?

తెలుగులో గాయం అనగానే తెగడం, నెత్తురు కారడం గుర్తుకొస్తాయి కాబట్టి ఈ సందేహం సహజమే. ప్రజారోగ్య పరిభాషలో గాయం అంటే దెబ్బ, వేడి, విద్యుత్తు, విషం వంటివి శరీరం ఓర్చుకోగలిగిన హద్దు దాటి తగలడం వల్ల గాని, గాలి, వెచ్చదనం వంటి ప్రాణాధారాలు అందకుండా పోవడం వల్ల గాని కలిగే హాని. నీటిలో మునగడం, ముక్కుకూ నోటికీ దిండు అడ్డుపడడం, గొంతులో వస్తువు ఇరుక్కోవడం ఈ రెండో కోవకు చెందుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో వీటికి వి, డబ్ల్యు, ఎక్స్, వై అక్షరాలతో మొదలయ్యే సంకేతాలు కేటాయించారు. పక్క మీద ప్రమాదవశాత్తు ఊపిరాడక జరిగిన మరణానికి డబ్ల్యు 75 అని రాస్తారు. ఎవరైనా కావాలని చేసిన హాని కూడా ఈ లెక్కలోనే చేరుతుంది. శిశువు అన్న మాట పుట్టిన క్షణం నుంచి మొదటి పుట్టినరోజు దాకా వర్తిస్తుంది.

ఈ వయసులో ప్రాణం తీసే గాయాలు ఏవి?

పెద్ద పిల్లల్లో రోడ్డు ప్రమాదాలు, నీటి ప్రమాదాలు ముందుంటాయి. శిశువుల జాబితా వేరుగా ఉంటుంది. అమెరికాలో 1983 నుంచి 1991 వరకు పుట్టిన బిడ్డల జనన, మరణ నమోదులను పరిశీలించినప్పుడు గాయాల వల్ల పది వేలకు పైగా శిశువులు మరణించినట్లు, అందులో హత్య, ఊపిరాడకపోవడం, వాహన ప్రమాదాలు, ఆహారం గాని వస్తువు గాని శ్వాసనాళంలో ఇరుక్కోవడం వరుసగా ముందున్నట్లు తేలింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ ప్రమాదవశాత్తు ఊపిరాడకపోవడమే మొదటి స్థానానికి చేరింది. కాలిన గాయాలు, నీటిలో మునగడం, ఎత్తు నుంచి పడడం వీటి తర్వాత వస్తాయి.

ముప్పు కారకం అంటే మరణానికి కారణమని అర్థమా?

కాదు. ఒక లక్షణం ఉన్న కుటుంబాల్లో మరణాలు, అది లేని కుటుంబాల్లో కంటే ఎక్కువగా కనిపిస్తే దాన్ని ముప్పు కారకం అంటారు. ఆ లక్షణమే మరణానికి దారి తీసిందా, లేక దాని వెంట నడిచే మరేదో దారి తీసిందా అన్నది వేరే విచారణ.

అంకెలను చదవడంలో ఇంకో మెలిక ఉంది. లక్ష జననాలకు 30 మరణాలు జరిగే చోట ఏదో ఒక వర్గంలో ముప్పు పది రెట్లు ఉందనుకుందాం. అంటే లక్షకు 300. పది రెట్లు అన్న మాట గుండె గుభేలుమనిపిస్తుంది గాని, ఆ వర్గంలోనే లక్షలో 99,700 మంది బిడ్డలకు ఏమీ కాదన్నది కూడా అదే లెక్క చెబుతుంది. ఒక తల్లిని చూసి "ఈమె బిడ్డకు ప్రమాదం" అని జోస్యం చెప్పడానికి ఈ అంకెలు పనికిరావు. లక్ష మంది తల్లులున్న ప్రాంతంలో నలుగురు నర్సులే ఉంటే వారిని ముందుగా ఎవరి ఇంటికి పంపాలో నిర్ణయించడానికి పనికొస్తాయి.

ఈ పరిశోధనల్లో ఎప్పుడూ తల్లి ప్రస్తావనే ఎందుకు? తండ్రి సంగతేమిటి?

ఈ పేజీలోని ప్రశ్నలన్నిటిలో ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. సమాధానం కొంతవరకు కాగితాల్లోనే ఉంది. ఇటువంటి అధ్యయనాలు ఎక్కువగా మరణ ధ్రువపత్రాన్ని అదే బిడ్డ జనన ధ్రువపత్రంతో జతచేసి చేస్తారు. జనన పత్రంలో తల్లి వయసు, చదువు, ఎన్నో కాన్పు, గర్భిణిగా ఉన్నప్పుడు ఎన్నో నెలలో వైద్య పరీక్షలు మొదలయ్యాయి, పొగ తాగే అలవాటు, బిడ్డ బరువు, ఎన్ని వారాలకు పుట్టిందన్న గడులు ఉంటాయి. తండ్రి గురించిన గడులు కొన్నే, అవీ తరచుగా ఖాళీగానే ఉంటాయి. ఇల్లు ఎలాంటిది, బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, తల్లి పనికి వెళ్లినప్పుడు ఎవరు చూస్తారు, ఆ చూసే మనిషికి తాగుడు అలవాటు ఉందా అన్న గడులు అసలే ఉండవు. గడి ఉన్న సంగతే లెక్కకు వస్తుంది, లెక్కకు వచ్చిందే శీర్షిక అవుతుంది. ఆ విధంగా ఇంటిల్లిపాదికీ చెందిన ముప్పు కాగితం మీద తల్లి ఒక్కదాని లక్షణంగా కనిపిస్తుంది.

కాగితం దాటి ఇంటిలోపలికి చూసిన అధ్యయనాల్లో చిత్రం మారిపోయింది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 1992 నుంచి 1999 వరకు, ఐదేళ్ల లోపు పిల్లలు ఇతరులు కలిగించిన గాయాలతో చనిపోయిన ఘటనలను మరణ సమీక్ష దస్త్రాల ఆధారంగా పరిశీలించారు. కన్న తల్లిదండ్రులిద్దరితో ఉంటున్న పిల్లలతో పోలిస్తే, రక్తసంబంధం లేని పెద్దవారు నివసించే ఇళ్లలోని పిల్లలకు ఈ ముప్పు సుమారు 50 రెట్లు ఉంది. హాని చేసినవారిలో ఎక్కువమంది పురుషులు. మరో పెద్దవారెవరూ లేకుండా తల్లి గాని తండ్రి గాని ఒంటరిగా పెంచుతున్న పిల్లలకు మాత్రం అదనపు ముప్పు ఏమీ కనిపించలేదు. "ఒంటరి తల్లి" అన్న గడిని చూసి తీర్పు చెప్పేవారు ఈ ఫలితాన్ని రెండుసార్లు చదవడం మంచిది.

తల్లి వయసు తక్కువైతే ముప్పు ఎందుకు పెరుగుతుంది?

ఇరవై ఏళ్లు నిండని తల్లుల బిడ్డల్లో గాయాల మరణాలు ఎక్కువన్నది చాలా అధ్యయనాల్లో కనిపించింది. అయితే వయసు ఒక్కటే కాదు, చిన్న వయసులోనే రెండో కాన్పు కూడా కావడం అన్నిటికంటే బరువైన కలయిక. 1983 నుంచి 1991 వరకు అమెరికాలో పుట్టి, ఏడాదిలోపు హత్యకు గురైన శిశువుల లెక్కలో, 25 ఏళ్లు దాటిన తల్లి తొలి బిడ్డతో పోలిస్తే 17 ఏళ్లు నిండని తల్లికి పుట్టిన రెండో లేదా ఆపై బిడ్డకు ముప్పు సుమారు 11 రెట్లు ఉంది. పసివయసు తల్లి చెడ్డ తల్లి అని ఈ అంకె అనడం లేదు. ఆ వయసులో చదువు మధ్యలో ఆగిపోతుంది, సొంత సంపాదన ఉండదు, బిడ్డను ఎవరి చేతికి ఇవ్వాలన్న నిర్ణయం తరచుగా ఆమె చేతిలో ఉండదు. ఒక బిడ్డ చంకలో ఉండగానే ఇంకో బిడ్డ పొత్తిళ్లలోకి వస్తే నిద్ర, ఓపిక, సాయం మూడూ ఒకేసారి కరువవుతాయి.

చదువుకూ బిడ్డ ప్రాణానికీ సంబంధం ఏమిటి?

పాఠశాల చదువు పూర్తి చేయని తల్లుల బిడ్డల్లో ముప్పు ఎక్కువగా నమోదవుతుంది. ఇక్కడ చదువు చాలావరకు పేదరికానికి మారుపేరుగా పనిచేస్తుంది, ఎందుకంటే జనన పత్రంలో ఆదాయం గడి ఉండదు, చదువు గడి ఉంటుంది. ఇరుకు గదిలో అందరూ ఒకే పక్క మీద పడుకోవలసి రావడం, పొయ్యికీ పిల్లలు పడుకునే చోటుకూ మధ్య అడ్డు లేకపోవడం, పాత వైరింగు, బిడ్డకంటూ విడిగా పక్క కొనలేకపోవడం అన్నీ ఆ ఒక్క గడిలో దాక్కుంటాయి. అమెరికాలో నల్లజాతి, ఆదివాసీ శిశువుల్లో ఈ మరణాల రేటు ఎక్కువగా ఉండడాన్ని కూడా ఈ పరిస్థితులను పక్కన పెట్టి కేవలం జాతి లక్షణంగా చదవకూడదు. వీటితో పాటు, హెచ్చరికలు, మందుల వివరాలు, వస్తువుల వాడకం సూచనలు చదివి అర్థం చేసుకోగలగడం అన్న ప్రత్యక్ష ప్రయోజనం కూడా చదువుకు కొంత ఉంటుంది.

గర్భిణీ పరీక్షలకు వెళ్లకపోతే పుట్టిన తర్వాత గాయాల ముప్పు ఎలా పెరుగుతుంది?

రక్తపోటు చూపించుకోకపోవడం వల్ల ఆరు నెలల తర్వాత బిడ్డ మంచం మీంచి పడిపోదు గదా అని అడిగేవారున్నారు, సరైన ప్రశ్నే. పరీక్షలు గాయాలను నేరుగా ఆపవు. పరీక్షలకు ఒక్కసారైనా వెళ్లకపోవడం అన్నది ఆ గర్భం చుట్టూ ఉన్న పరిస్థితికి గుర్తు: దాచిపెట్టిన గర్భం కావచ్చు, వద్దనుకున్న గర్భం కావచ్చు, ఇంట్లో హింస కావచ్చు, ఆసుపత్రికి చేరే దారీ డబ్బూ లేకపోవడం కావచ్చు. ఆ పరిస్థితి కాన్పుతో తీరిపోదు.

దీనికి కొస రూపం పుట్టిన రోజునే జరిగే శిశుహత్య. పుట్టిన 24 గంటల లోపు జరిగే హత్యను మిగతా శిశుహత్యల నుంచి వేరుచేసి చూడాలని 1970 ప్రాంతంలో అమెరికన్ మానసిక వైద్యుడు ఫిలిప్ రెస్నిక్ ప్రతిపాదించాడు, ఎందుకంటే వీటి వెనుక ఉండే మనుషులూ కారణాలూ వేరు. పైన చెప్పిన అమెరికా లెక్కల్లో, మొదటి రోజే హత్యకు గురైన శిశువుల్లో 95 శాతం మంది ఆసుపత్రిలో పుట్టినవారు కారు. ఏడాదిలో హత్యకు గురైన శిశువులందరినీ కలిపి చూస్తే ఆ వాటా 8 శాతమే. గర్భం సంగతి ఎవరికీ చెప్పుకోలేక, ఒంటరిగా ప్రసవించిన ఆడపిల్లల కథలు ఇవి. శిక్ష భయం లేకుండా బిడ్డను ఆసుపత్రి వంటి చోట అప్పగించి వెళ్లే వీలు కల్పిస్తూ 1999లో టెక్సాస్‌లో మొదలైన చట్టాలు తర్వాత అమెరికాలోని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది ఇందుకే.

కాన్పుల సంఖ్య ముప్పును మారుస్తుందా?

మారుస్తుంది. ఇదివరకే ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒక పెద్దమనిషి చూపు నలుగురి మధ్య చీలిపోతుంది; శిశువును చూడమని ఐదేళ్ల అక్కకు అప్పగించడం కూడా ఇటువంటి ఇళ్లలోనే ఎక్కువ. పెద్ద పిల్లల ఆట వస్తువుల్లోని చిన్న ముక్కలు నేల మీద పడి ఉండడం మరో దారి. సాయం చేసే చేతులు తగినన్ని ఉన్న పెద్ద కుటుంబంలో ఇదే సంఖ్య అంత భారం కాకపోవచ్చు.

పొగ, మద్యం, నిద్ర మాత్రల ప్రభావం ఎంత?

గర్భంలో ఉండగా తల్లి పొగ తాగినా, పుట్టిన తర్వాత బిడ్డ ఆ పొగ పీల్చినా, ఊపిరికి అడ్డు తగిలినప్పుడు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచే సహజ శక్తి బిడ్డలో మందగిస్తుంది. ముక్కుకు గుడ్డ అడ్డుపడితే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మెలికలు తిరిగి ఏడ్చి తల తిప్పుకుంటుంది. ఆ మేలుకొలుపు ఆలస్యమైతే చిన్న అడ్డంకే ప్రాణాంతకం అవుతుంది. మద్యం, మత్తు పదార్థాలు, నిద్ర తెప్పించే మందులు పెద్దవారి వైపు నుంచి ఇదే పని చేస్తాయి: పక్కనున్న బిడ్డ మీద చెయ్యి పడినా తెలియనంత నిద్ర పడుతుంది. జలుబు మందు కూడా మత్తు కలిగించవచ్చని చాలామందికి తట్టదు. ఈ నియమం తల్లికి ఎంతో, ఆ రాత్రి బిడ్డను చూసే తండ్రికీ, తాతకూ, ఆయాకూ అంతే.

కాన్పు తర్వాత వచ్చే దిగులు బిడ్డకు ప్రమాదమా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం కాన్పయిన స్త్రీలలో సుమారు 13 శాతం మంది మానసిక సమస్యతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడతారు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇది ఇంకా ఎక్కువ. వారిలో అత్యధికులు బిడ్డకు ఏ హానీ తలపెట్టరు. కుంగుబాటు ముప్పును పెంచేది ఎక్కువగా పరోక్షంగానే: తెగని నిస్సత్తువ వల్ల కనిపెట్టుకుని ఉండే శక్తి తగ్గుతుంది, రోజువారీ జాగ్రత్తలు జారిపోతాయి. దీనికి పూర్తిగా భిన్నమైనది ప్రసవానంతర ఉన్మాదం. వెయ్యి కాన్పులకు ఒకటి రెండు చోట్ల మాత్రమే కనిపించే ఈ జబ్బు ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే మొదలవుతుంది. లేనివి వినిపించడం, కనిపించడం, బిడ్డ గురించి వింత నమ్మకాలు, రోజుల తరబడి నిద్ర అవసరమే లేనట్టు తిరగడం వంటివి గమనిస్తే తెల్లవారే వరకు ఆగకూడదు. తల్లిని ఒంటరిగా గాని, బిడ్డతో ఒంటరిగా గాని విడిచిపెట్టకుండా అప్పటికప్పుడు అత్యవసర వైద్యానికి తీసుకువెళ్లాలి. చికిత్సకు ఇది బాగా లొంగుతుంది.

తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు గాయాల ముప్పు ఎందుకు ఎక్కువ?

2,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకూ, 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డలకూ జబ్బుల ముప్పు ఎక్కువని అందరికీ తెలుసు. గాయాల ముప్పు కూడా వారికే ఎక్కువన్నది అంతగా ప్రచారంలో లేదు. మొదటి కారణం శరీర నిర్మాణం. ఏ శిశువుకైనా ఒంటి పొడవులో తల సుమారు నాలుగో వంతు ఉంటుంది, దాన్ని మోసే మెడ కండరాలు మాత్రం లేతవి. నెలలు నిండని బిడ్డలో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు ఉంటుంది. కూర్చోబెట్టినట్టుగా ఉంచితే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని, సన్నని శ్వాసనాళం నలిగిపోతుంది. ఏడ్చే బలం కూడా చాలదు కాబట్టి పక్కగదిలో ఉన్నవారికి ఏమీ వినిపించదు. కారు సీట్లోనో, ఉయ్యాల కుర్చీలోనో నిద్రపోయిన బిడ్డను "హాయిగా ఉంది, కదిలించడం ఎందుకు" అని అలాగే వదిలేయకూడదని వైద్యులు చెప్పేది అందుకే.

రెండో కారణం శరీరంలో లేదు, ఇంట్లో ఉంది. ఈ బిడ్డలు వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి ఇంటికి వస్తారు. అప్పటికే తల్లిదండ్రులు అప్పులతో, అలసటతో చితికిపోయి ఉంటారు. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, మందులు వేయాలి. బిడ్డ ఏడుపు సన్నగా, తెంపులేకుండా ఉంటుంది. ఇక ఈ మూడో సంగతి చాలామందిని తికమకపెడుతుంది: ఆసుపత్రిలో ఊపిరితిత్తుల కోసం కొందరు బిడ్డలను నర్సుల పర్యవేక్షణలో, యంత్రాలు తగిలించి బోర్లా పడుకోబెడతారు. ఇంటికి వచ్చాక తల్లి తాను చూసినట్టే చేస్తుంది. ఆసుపత్రి నుంచి పంపడానికి ముందే బిడ్డను వెల్లకిలా పడుకునే అలవాటులోకి మార్చి, ఎందుకు మార్చారో తల్లికీ తండ్రికీ విడమరచి చెప్పడం అక్కడి సిబ్బంది బాధ్యత.

మగబిడ్డలకు, కవలలకు ముప్పు ఎక్కువా?

మగశిశువుల్లో గాయాల మరణాలు కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. కవలల విషయంలో తక్కువ బరువు, నెలలు నిండకపోవడం, ఇంటివారి అలసట ఒకేచోట కలుస్తాయి.

ఏ నెలలో ఏ ముప్పు ఎక్కువ?

మొదటి నాలుగు నెలలూ ఊపిరాడకపోవడం, ఇతరుల చేతి దెబ్బలు ముందుంటాయి. మెడ నిలవని బిడ్డ తనంతట తాను ఏ ప్రమాదంలోకీ వెళ్లలేదు, వచ్చిన ప్రమాదం నుంచి తప్పుకోనూలేదు. బోర్లా పడడం మొదలయ్యే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మంచం మీంచి, సోఫా మీంచి పడడం మొదలవుతుంది. నిన్నటి దాకా కదలని బిడ్డ ఇవాళ దొర్లుతుందని ఎవరూ అనుకోరు, ఆ తొలిసారే ప్రమాదం. పాకే వయసుకు వచ్చేసరికి నేల మీది ప్రతిదీ నోట్లోకి పోతుంది. పట్టుకుని నిలబడే తొమ్మిది, పది నెలలకు వేడి పాత్రలు, వేలాడే తీగలు, నీళ్ల బక్కెట్లు అందుబాటులోకి వస్తాయి. బక్కెట్లోకి తలకిందులుగా పడిన బిడ్డ బరువు ఎక్కువగా తలవైపే ఉంటుంది కాబట్టి పైకి లేవలేదు. కొద్ది సెంటీమీటర్ల నీళ్లు చాలు.

ఏడుపుకూ మరణానికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, దీన్ని ప్రతి ఇంట్లోనూ కాన్పుకు ముందే చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్లో కూడా ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. పాలు తాగి, పొడిగుడ్డ కట్టి, ఎత్తుకుని తిప్పినా ఆగని ఏడుపు ఇందులో భాగం. అమెరికాలో 1989 నుంచి 1998 వరకు జరిగిన శిశుహత్యలను వారాల వారీగా చూసినప్పుడు, పుట్టిన రోజు తర్వాత మరో శిఖరం ఎనిమిదో వారంలోనే కనిపించింది. ఏడుపు ఆపాలని బిడ్డను పట్టుకుని కుదిపేసినప్పుడు బరువైన తల ముందుకూ వెనక్కూ ఊగి, మెదడు మీది రక్తనాళాలు తెగుతాయి. కుదిపేవారు పుట్టుకతో క్రూరులు కానక్కరలేదు. నిద్రలేని, సాయంలేని, "నావల్ల కావడం లేదు" అని ఎవరికీ చెప్పుకోలేని మనిషికి కొన్ని క్షణాలు చాలు.

ఓపిక నశిస్తున్నట్టు అనిపిస్తే బిడ్డను ఖాళీగా ఉన్న గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, గదిలోంచి బయటికి వచ్చి, ఐదు పది నిమిషాలు ఆగి, ఎవరికైనా ఫోన్ చేయాలి. ఏడ్చినంత మాత్రాన బిడ్డకు హాని జరగదు. జ్వరం, వాంతులు, మగతగా ఉండడం, పాలు మానేయడం తోడైతే మాత్రం అది మామూలు ఏడుపు కాదు, వైద్యుడికి చూపించాలి. బిడ్డను కొత్తవారి చేతిలో పెట్టేటప్పుడు పాల సీసా ఎక్కడుందో చెప్పినట్టే ఈ సంగతి కూడా చెప్పాలి.

బిడ్డను పక్కలో వేసుకుని పడుకోవడం ముప్పు కారకమా?

ఇక్కడ నిపుణుల మధ్య కూడా వాదన ఉంది. పక్కలో పడుకోవడం పాలివ్వడానికి అనువు, ప్రపంచంలో చాలాచోట్ల తరతరాల అలవాటు కూడా. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాలు తల్లిదండ్రుల గదిలోనే, కాని వేరే పక్క మీద బిడ్డను పడుకోబెట్టాలని సూచిస్తూ, అన్ని సందర్భాలూ ఒకటి కావని కూడా చెప్పాయి. పక్కనున్నవారు పొగతాగేవారైనా, మత్తులో గాని విపరీతమైన అలసటలో గాని ఉన్నా, పరుపు మెత్తగా లోపలికి దిగిపోయేదైనా ముప్పు పది రెట్లకు పైగా పెరుగుతుంది. బిడ్డ వయసు నాలుగు నెలల లోపైతే ఐదు నుంచి పది రెట్లు. నెలలు నిండక గాని తక్కువ బరువుతో గాని పుట్టిన బిడ్డైతే ఎవరికీ పొగ అలవాటు లేకపోయినా రెండు నుంచి ఐదు రెట్లు.

అన్నిటికంటే చెడ్డది సోఫా, మెత్తని వాలుకుర్చీ. అక్కడ బిడ్డతో కలిసి నిద్రపోతే ముప్పు 67 రెట్ల దాకా ఉండవచ్చని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. "పక్కలో పడుకోబెట్టుకోకూడదు" అన్న మాటకు భయపడి అర్ధరాత్రి సోఫాలో కూర్చుని పాలిస్తూ అక్కడే కునుకు తీసే తల్లి, తెలియక ఎక్కువ ప్రమాదంలోకి వెళుతోంది. పాలిస్తూ నిద్రపోయే అవకాశం ఉందనిపిస్తే దిండ్లు, దుప్పట్లు తీసేసిన గట్టి పరుపే సోఫా కంటే మేలు. మెలకువ రాగానే బిడ్డను దాని పక్క మీదికి మార్చాలి.

ఆకస్మిక శిశు మరణం, ఊపిరాడక జరిగిన మరణం ఒకటేనా?

కావు, కాని గీత సన్నగా ఉంటుంది. శవపరీక్ష చేసి, మరణించిన చోటు పరిశీలించి, వైద్య చరిత్ర చూసినా కారణం దొరకనప్పుడే ఆకస్మిక శిశు మరణమని రాయాలి. అమెరికాలో బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టాలన్న ప్రచారం 1994లో మొదలైంది. 1990లో లక్ష జననాలకు సుమారు 130గా ఉన్న ఆకస్మిక శిశు మరణాలు 2020 నాటికి సుమారు 38కి తగ్గాయి. అదే కాలంలో పక్క మీద ఊపిరాడక జరిగినవిగా నమోదైన మరణాలు సుమారు 3 నుంచి 25కి పెరిగాయి. ఈ పెరుగుదలలో కొంత భాగం మరణ పరిశీలన మెరుగై, ఇదివరకు కారణం తెలియదని రాసినచోట ఇప్పుడు కారణం రాయడం వల్ల వచ్చింది. కాబట్టి రెండు కాలాల గాయాల లెక్కలను పోల్చేటప్పుడు ఈ మూడు వర్గాలనూ, అంటే ఆకస్మిక మరణం, ఊపిరాడకపోవడం, కారణం తెలియని మరణం, కలిపి చూడడం పద్ధతి.

మా ఇంట్లో ఈ ముప్పు కారకాలేవీ లేవు. నిశ్చింతగా ఉండవచ్చా?

ఎక్కువ ముప్పున్న వర్గం చిన్నది, తక్కువ ముప్పున్న వర్గం చాలా పెద్దది. అందువల్ల మొత్తం మరణాల్లో గణనీయమైన భాగం "ఏ కారకమూ లేని" ఇళ్లలోనే జరుగుతుంది. మెత్తని దిండుకు తల్లి చదువు పట్టా కనిపించదు. అందుకే ఈ కింది జాగ్రత్తలు అందరికీ.

కారులో బిడ్డ వెనక్కి తిరిగి ఉండే శిశు సీట్లో, వెనుక వరుసలో ఉండాలి. సరిగా వాడిన శిశు సీటు కారు ప్రమాదాల్లో శిశు మరణాలను సుమారు 71 శాతం తగ్గిస్తుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఆ సీటును ఎప్పుడూ పెట్టకూడదు. కుళాయిలో వచ్చే వేడినీళ్లు 49 డిగ్రీల సెల్సియస్ మించకుండా హీటరును అమర్చుకోవాలి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవారి చర్మాన్నే ఐదు సెకన్లలో కాలుస్తాయి, శిశువు చర్మం ఇంకా పలుచన. బిళ్ల బ్యాటరీ మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అది అన్నవాహికలో చిక్కుకుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు.

గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ఏం చేయాలి?

బిడ్డ గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే దగ్గనివ్వాలి. శబ్దం రాక, ఊపిరి అందక నీలిరంగుకు తిరుగుతుంటే ముంజేతి మీద బోర్లా ఉంచి, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు చరచాలి. అడ్డు పోకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. అడ్డు బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ అత్యవసర సేవకు ఫోన్ చేయించాలి. బిడ్డ స్పృహ తప్పితే గుండె-శ్వాస పునరుద్ధరణ (సీపీఆర్) మొదలుపెట్టాలి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట మీద నొక్కకూడదు, కాలేయం దెబ్బతింటుంది. వస్తువు కంటికి కనిపించనిదే నోట్లో వేలు పెట్టి వెతకకూడదు.

తల్లి వయసు, చదువు ఇప్పటికిప్పుడు మార్చలేం గదా, మరి ఈ సమాచారం వల్ల ఉపయోగం ఏమిటి?

అమెరికన్ వైద్యుడు విలియం హాడన్ 1970 ప్రాంతంలో గాయాలను చూసే ఒక పద్ధతిని ముందుకు తెచ్చాడు: మనిషి, హాని చేసే వస్తువు, పరిసరం అన్న మూడింటినీ ప్రమాదానికి ముందు, ప్రమాద సమయంలో, ఆ తర్వాత అన్న మూడు దశల్లో పరిశీలించి, ఎక్కడ మార్పు తేలికో అక్కడ మొదలుపెట్టడం. తల్లి వయసు మార్చలేకపోవచ్చు, తొట్టి మంచం కమ్మీల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్లు మించకూడదన్న నియమం పెట్టవచ్చు. పది డిగ్రీల కంటే ఎక్కువ వాలు ఉన్న శిశు నిద్ర ఉపకరణాలనూ, తొట్టి చుట్టూ కట్టే మెత్తని పట్టీలనూ అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది; ఆ రక్షణ చదువుకున్న తల్లి బిడ్డకూ, చదువుకోని తల్లి బిడ్డకూ సమానంగా అందుతుంది.

మనుషుల వైపు నుంచి ఆధారం ఉన్న సాయం నర్సు ఇంటికి వెళ్లడం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో 1970ల చివర డేవిడ్ ఓల్డ్స్ బృందం మొదలుపెట్టిన ప్రయోగంలో, చిన్న వయసు, పేదరికం, ఒంటరితనం ఉన్న తొలిచూలు గర్భిణుల ఇళ్లకు నర్సులు గర్భం దశ నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా వెళ్లారు. పదిహేనేళ్ల తర్వాత చూసినా ఆ కుటుంబాల్లో పిల్లల మీద హింస, నిర్లక్ష్యం నమోదైన ఘటనలు తక్కువగా ఉన్నాయి. అక్కడ ముప్పు కారకాల జాబితాను వాడింది ఎవరింటి తలుపు ముందు తట్టాలో తెలుసుకోవడానికి.

మా బిడ్డను ఇలాగే పోగొట్టుకున్నాం. మళ్లీ గర్భం దాల్చే ముందు ఏం తెలుసుకోవాలి?

శవపరీక్ష నివేదిక, మరణ కారణ పత్రం నకళ్లు తీసుకుని, వాటిని చదివి వివరించగల పిల్లల వైద్యుడితో తల్లిదండ్రులిద్దరూ కలిసి కూర్చోవాలి. కారణం స్పష్టంగా రాసి ఉంటే అదే పరిస్థితి మళ్లీ రాకుండా చూసుకోవడం చాలావరకు సాధ్యం. కారణం తెలియదని రాసి ఉంటే గుండె లయకు, జీవక్రియలకు సంబంధించిన వంశపారంపర్య పరీక్షలు అవసరమా అని అడగాలి. తర్వాతి గర్భంలో మొదటి పరీక్షనాడే జరిగిన సంగతి వైద్యురాలికి చెబితే, కాన్పు తర్వాత దిగులును ముందుగా కనిపెట్టడానికీ, మొదటి నెలల్లో ఇంటికి నర్సును పంపడానికీ ఏర్పాటు చేయవచ్చు. బిడ్డ పక్కన రాత్రంతా మేలుకుని కూర్చోవాలనిపించడం ఇటువంటి తల్లిదండ్రుల్లో మామూలే. మొదటి మూడు నాలుగు నెలలైనా రాత్రిని ఇద్దరు ముగ్గురు పెద్దవారు వంతులుగా పంచుకోవడం మంచిది.